ఇరవై రెండో అంతస్తు

షికాగోలో అక్టోబరంతా మాకు రాత్రిపూట సాఫ్ట్‌వేర్ రిలీజులే. ఒకరోజు పని ముగించుకుని ఇంకా తెల్లారకముందే యూనియన్ స్టేషన్‌కి నడుస్తున్నాను. మా టవర్ గాజు గోడ కింద ఒక పెద్దావిడ వంగి దేన్నో జాగ్రత్తగా తీస్తోంది. చేతిలో చిన్న వల, భుజాన కాగితం సంచులు. దగ్గరికెళ్తే పిట్ట. మన పిచ్చుకంతే ఉంది, గొంతు కింద తెల్లటి మచ్చ. గుండె కొట్టుకోవడం పైకే తెలుస్తోంది. సంచిలో పెట్టి మూతి మడిచింది. చీకట్లో ఉంటే దాని భయం తగ్గుతుందట.

"మీరు ఏ అంతస్తులో పనిచేస్తారు?" అని అడిగింది. ఇరవై రెండు అన్నాను. తలెత్తి చూసింది. ఆ వేళ టవర్ మొత్తంలో వెలుగుతున్నది మా అంతస్తు ఒక్కటే.

ఆ రోజు రైల్లో నాకు నిద్ర పట్టలేదు. రాత్రిళ్ళు వలస వెళ్తూ లైట్లకు దారి తప్పి అద్దాలకు గుద్దుకున్న పిట్టల్ని ఆవిడలాంటి వాలంటీర్లు 2003 నుంచి ఇక్కడ ఏరుతున్నారు. బతికినవి చికిత్సకు, చనిపోయినవి ఇక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియం, ఫీల్డ్ మ్యూజియానికి వెళ్తాయి. ఆ మ్యూజియంలో పనిచేసిన డేవిడ్ విల్లార్డ్ 1978లో మిషిగన్ సరస్సు ఒడ్డునున్న పెద్ద సమావేశ భవనం మెక్‌కార్మిక్ ప్లేస్ చుట్టూ వెతకడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళలో అక్కడ 40,000 పిట్టలు దొరికాయి. ఏ కిటికీల్లో లైటు ఉందో కూడా రాసిపెట్టారు. ఆ ఓపికే 2021లో ఒక పరిశోధనకు ఆధారమైంది: వెలిగే కిటికీలు సగానికి తగ్గిస్తే, అక్కడ గుద్దుకుని చనిపోయే పిట్టలు దాదాపు 60 శాతం తగ్గుతాయి.

నన్ను బాగా కలచివేసింది ఇంకొకటి. రాత్రిళ్ళు ఎగురుతూ ఒకదాన్నొకటి పిలుచుకునే జాతులే ఎక్కువగా గుద్దుకుంటున్నాయి. వెలుగుకు దారి తప్పిన పిట్ట అరుస్తుంది, ఆ అరుపు విని మిగతావీ అటే వస్తాయని పరిశోధకుల అంచనా. తోడు కోసం పిలిచే పిలుపు!

2023 అక్టోబరు 5న ఒక్క మెక్‌కార్మిక్ ప్లేస్ దగ్గరే దాదాపు వెయ్యి పిట్టలు చచ్చిపోయాయి. మరుసటి వేసవిలో అద్దాలకు చిన్న చుక్కల ఫిల్మ్ అంటించారు. ఆ శరదృతువులో చావులు సుమారు 95 శాతం తగ్గాయి. చుక్కలతో ఆగిపోయే చావులు అవి.

మా అమ్మమ్మ వాళ్ళది శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వైపు. అక్కడ చింతచెట్ల మీద వాలే గూడబాతుల్ని ఇంటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. "పిట్టలు రాని ఏడు ఊరికి మంచిది కాదే" అనేది అమ్మమ్మ. ఆ మాట వింటూ పెరిగి, నేను చేసిందేమిటి? లైట్ ఆర్పకుండా కాఫీకి వెళ్ళడం.

లైట్ల గురించి బిల్డింగ్ ఆఫీసుకు రెండుసార్లు మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. ఇక మా టీమ్‌లోనే మాట్లాడుకున్నాం. పొద్దుపోగానే బ్లైండ్స్ దించేస్తాం, పెద్ద లైట్లు ఆపి టేబుల్ లైట్లతో పనిచేస్తాం. మొదట్లో కళ్ళు లాగుతున్నాయన్నారు, వారంలో అలవాటైపోయింది.

నిన్న తెల్లవారుజామున కిందికి దిగి అంతస్తులు లెక్కపెట్టాను. మాది చీకటి. పంతొమ్మిదిలో మాత్రం ఒక వరస వెలుగుతోంది. అక్కడ ఎవరుంటారో సోమవారం వెళ్ళి కనుక్కోవాలి.