నల్లచుక్క

నొప్పి మొదలైంది గంగమ్మ జాతర వారంలో. వేషాలు కట్టిన భక్తులు అమ్మవారిని బూతులు తిట్టడం తిరుపతిలో ఆనవాయితీ. ఆ వారం నేను నా కుడి చెవిని తిట్టాను. పగలు ఓర్చుకోగలిగేవాణ్ణి. రాత్రి పక్క మీద వాలగానే దవడ నుంచి కణత దాకా పొడిచేది. ఇడ్లీ ముక్క నమలాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

నాకు 63 ఏళ్ళు, చక్కెర జబ్బుకు 14 ఏళ్ళు. మోకాళ్ళు అరిగి అలిపిరి మెట్లు మానేశాక, ఈతైతే కీళ్ళకు బరువు పడదని చంద్రగిరి దారిలోని మా ఇంటి వెనక చిన్న కొలను తవ్వించాను. 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, 4 లోతు. నింపితే దాదాపు 22,600 లీటర్లు. పొద్దున్నే వెల్లకిలా తేలుతూ శేషాచలం కొండల మీద ఎండ పాకడం చూడటానికే సగం ఖర్చు పెట్టాననాలి.

మా ఆవిడ వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసింది. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకున్నాను. ఒక క్లినిక్కులో గుబిలి పేరుకుందని సిరంజితో నీళ్ళు కొట్టి కడిగారు. చక్కెర ఉందా అని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. మర్నాటి నుంచి చీము. అలా మూడు వారాలు పోగొట్టుకున్నాక ఈఎన్‌టీ నిపుణురాలి దగ్గరికి వెళ్ళాను. ఆమె చెవి చూసేముందే నుదురు ముడవమన్నారు, పళ్ళు ఇకిలించమన్నారు.

"ముఖం వంకర పోలేదండీ. ఇప్పటికైనా వచ్చారు," అన్నారు.

చీటీ మీద 'మాలిగ్నెంట్' అన్న మాట చూసి మా ఆవిడ అక్కడే కూలబడింది. పూర్తి పేరు మాలిగ్నెంట్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా. పేరులో భయం ఉన్నా క్యాన్సర్ కాదు. అయినా అనుమానం ఉండకూడదని ముక్క తీసి పరీక్షకు పంపారు. చెవి నాళంలో చేరిన సూడోమొనాస్ అనే సూక్ష్మజీవి పుర్రె అడుగు ఎముకలోకి దిగుతుందట. ముఖాన్ని కదిలించే నరం ఆ దగ్గరలోనే ఉంటుంది. ఎక్కువగా చక్కెర ఉన్న పెద్దవాళ్ళకే వస్తుంది.

నా మూడు నెలల సగటు చక్కెర, హెచ్‌బీఏ1సీ, 9.8 వచ్చింది. నేను వాదించాను. రోజూ పరగడుపున సొంత మీటరుతో చూసుకుంటాను, 130 దాటదు అని.

"మిగతా 23 గంటలు ఎవరు చూస్తున్నారండీ?" అన్నారామె.

రెండు వారాలు ఆసుపత్రిలో నరం ద్వారా మందు. తర్వాత ఆరు వారాలు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు. వాటిని పాలతో, పెరుగుతో మింగకూడదు, కాల్షియం మందును పట్టేసుకుంటుంది. పెరుగన్నం లేనిదే చెయ్యి కడగనివాడికి అది రెండో జబ్బు.

కొలను సంగతి ఆమే అడిగారు. నేను గర్వంగా చెప్పాను, క్రిములను చంపే క్లోరిన్ నీళ్ళలో ఎంతుందో వారం వారం పరీక్షిస్తానని. నా దగ్గర రెండు సీసాల కిట్టు ఉండేది. ఒక చుక్క వేస్తే పసుపు, ఇంకోటి వేస్తే ఎరుపు. రెండూ కార్డు మీద రంగులతో సరిపోయేవి. పాలిటెక్నిక్‌లో రసాయన శాస్త్రం చెప్పే మా మేనల్లుడు ఆ కిట్టు చూసి, "మామయ్యా, ఈ పసుపు మొత్తం క్లోరిన్ చూపిస్తుంది. అందులో పనిచేసేదెంతో చెప్పదు," అన్నాడు. పనిచేసే క్లోరిన్‌ను విడిగా చూపే డీపీడీ చుక్కలు తెచ్చి చూశాడు. నా లెక్కలో 2 ఉన్న నీళ్ళలో స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్ 0.5 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళ నీటిలో అర పాలు. మిగతాది చెమటతో, ఇంకా చెప్పకూడని వాటితో కలిసి చచ్చుబడింది. మనవళ్ళు వేసవి సెలవులకు వచ్చి వెళ్ళారు మరి. క్లోరిన్ వాసన ఘాటుగా కొట్టేదే ఆ చచ్చుబడినదట. ఆ వాసన వస్తే మందు బలంగా ఉందని నేను మురిసిపోయేవాణ్ణి.

అసలు దెబ్బ ఇంకోటి. సంక్రాంతి నుంచి వారానికి రెండు 200 గ్రాముల ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్ళలు వేశాను. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడే సయనూరిక్ ఆమ్లం ఆ బిళ్ళలోనే ఉంటుంది. నా కొలనులో ఒక్కో బిళ్ళకు సుమారు 5 పీపీఎం పెరుగుతుంది. క్లోరిన్ ఖర్చవుతుంది, ఇది మాత్రం ఉండిపోతుంది. ఎక్కువైతే కాపాడటం పోయి క్లోరిన్ చేతులు కట్టేస్తుంది. దీని పరీక్ష తమాషాగా ఉంటుంది. మందు కలిపి పాలలా మారిన నీటిని, అడుగున నల్లచుక్క ఉన్న గొట్టంలో పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క మాయమైన చోట గీత చదవాలి. మా నీళ్ళు పోయీ పోయకముందే చుక్క మాయమైంది. సగానికి సగం మామూలు నీళ్ళు కలిపి మళ్ళీ చూస్తే 90, అంటే అసలు 180. ఉండవలసింది 30 నుంచి 50.

దానికి నమ్మదగ్గ విరుగుడు మందు లేదు, నీళ్ళు తీసెయ్యడమే. క్లోరిన్ పోయేదాకా ఆగి ముప్పాతిక వంతు తోడి కొబ్బరి చెట్లకు పారించాం. జూన్‌లో కాబట్టి సరిపోయింది. తుపాను వానల్లో ఖాళీ చేస్తే ఊటనీరు తొట్టిని కింద నుంచి ఎత్తేస్తుందన్నాడు. ఇప్పుడు బిళ్ళలు లేవు, పొద్దుగూకాక ద్రవ క్లోరిన్. నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.5 దగ్గర ఉంటే క్లోరిన్‌లో సగం గట్టిగా పనిచేస్తుంది, 8కి పోతే పావు వంతే. మా బోరునీళ్ళు పైకే లాగుతాయి గనుక ఆమ్లం వెయ్యాలి. ఆ డబ్బాను క్లోరిన్ పక్కన పెట్టనివ్వను. రెండూ కలిస్తే వచ్చే విషవాయువు ముందు నా చెవిపోటు ఏపాటిది!

జబ్బు కొలను నుంచే వచ్చిందా అని డాక్టరుగారిని పట్టుబట్టి అడిగాను. ఆ సూక్ష్మజీవి తడి ఉన్న ప్రతిచోటా ఉంటుంది, రుజువు చెయ్యలేం అన్నారు. తాళంచెవితో చెవి గోక్కునే నా అలవాటు కూడా ఆమెకు తెలిసింది, మా ఆవిడ దయ.

అక్టోబరులో ఈతకు ఒప్పుకున్నారు, తల మునగకూడదన్న షరతు మీద. వెల్లకిలా తేలడం పోయింది. కొండను ఇప్పుడు నిలబడి చూస్తున్నాను. దవడ ఇప్పటికీ ఆవులించినప్పుడు టక్కుమంటుంది. నెలకోసారి గొట్టంలో నీళ్ళు పోసేది నేను, చుక్కను చూసేది మా ఆవిడ. నేను చూస్తే ఎప్పుడూ అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుందట.