ఎనిమిదో తరగతి గోడ మీద మా ఒప్పందం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను సైన్సు చెబుతాను. నిరుడు ఎనిమిదో తరగతి గోడకి నేనే ఒక చార్టు రాసి అంటించాను. మాట్లాడరాదు, ఆలస్యంగా రారాదు, హోంవర్క్ మానరాదు... పదీ నా దస్తూరీలోనే. దసరా సెలవులు రాకముందే దాని వైపు చూసేవాళ్లు లేరు. అందుకని ఈ ఏడాది పిల్లలతో కూర్చునే నియమాలు రాయాలనుకున్నాను. రెండు పీరియడ్ల పని అనుకున్నది రెండు వారాలు పట్టింది.

ముందు 46 మందికీ చిట్టీలు పంచాను. "ఈ క్లాసులో నీకు ఏది కష్టంగా ఉంటుంది? పేరు రాయక్కర్లేదు" అన్నాను. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని చదివితే, ఎక్కువ చిట్టీల్లో ఒకటే మాట: తప్పు చెబితే అందరూ నవ్వుతారు. ఒక చిట్టీ మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. నోట్‌బుక్ మూల చింపిన చిన్న ముక్క, పెన్సిల్ రాత, ఒక మాట చెరిపి మళ్లీ దిద్దారు. "పేపర్లు ఇచ్చేటప్పుడు మార్కులు పైకి చదవకండి మేడం." పన్నెండేళ్లుగా అలాగే చదువుతున్నాను. వెనకబడినవాళ్లకి పట్టుదల వస్తుందని గట్టిగా నమ్మాను.

మర్నాడు గ్రూపుల్లో కూర్చోబెడితే, అందరూ "గౌరవంగా ఉండాలి" అని రాశారు. "సరే, గౌరవంగా ఉంటే మనకి ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మూడో బెంచీ అబ్బాయి, ఎవరి వైపూ చూడకుండా, "నన్ను నల్లోడా అనరు మేడం" అన్నాడు. చార్టులో మొదటి వాక్యం అక్కడే పుట్టింది: మన క్లాసులో అందరినీ పేరుతోనే పిలుస్తాం.

అసలు గొడవంతా ఆలస్యం దగ్గర వచ్చింది. జూన్ 14తో వేట నిషేధం ముగిసింది. బోట్లు మళ్లీ సముద్రంలోకి వెళ్లాయి. తెల్లవారుజామునే హార్బర్లో చేపల వేలం. తల్లి అక్కడికి వెళితే, తమ్ముణ్ణి తయారుచేసి బడికి దిగబెట్టి రావాల్సింది ఇంట్లో పెద్దపిల్లే. ఈ సంగతి తెలియనివాళ్లు "ఐదు రూపాయల ఫైన్", "గోడ కుర్చీ", "బయట నిలబెట్టాలి" అని వరసగా చెప్పారు. పిల్లలు తమకి తామే ఇంత కఠినంగా శిక్షలు వేసుకుంటారని నేను అనుకోలేదు. మనం నేర్పిందే కదా. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మనసుని హింసించడం కూడా తప్పేనని చెప్పాను. "అందరి ముందూ తిట్టడం కూడానా మేడం?" అని ఒకమ్మాయి అడిగింది. అదీ అంతే అన్నాను.

అప్పుడు రోజూ లేటుగా వచ్చే అమ్మాయి లేచింది. "నేను పరిగెత్తుకునే వస్తాను. గుమ్మం దగ్గర ఆపి ఎందుకు లేటని అడిగితే అందరూ చూస్తారు. అందుకే ఒక్కోరోజు అసలు రాను" అంది. ఆ మాట తర్వాత ఫైన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆలస్యమైనవాళ్లు వెనక తలుపు నుంచి చప్పుడు చేయకుండా వచ్చి కూర్చోవాలి, పక్కవాళ్లు నోట్సు చూపించాలి, కారణం ఇంటర్వెల్లో నాకు చెప్పాలి అని వాళ్లే తేల్చారు.

మొత్తం ఆరు వాక్యాలు వచ్చాయి. ఆరోది నా కోసం: మేడం మార్కులు పైకి చదవరు. కింద అందరం సంతకాలు పెట్టాం, ఒక్క అబ్బాయి తప్ప. "ఒకరు మాట్లాడుతుంటే ఆగుతానని రాశాం. నేను ఆగలేను మేడం, అబద్ధం సంతకం ఎందుకు?" అన్నాడు. బలవంతపెట్టలేదు. వాడికి చోటు ఖాళీగా ఉంచాం.

ఆగస్టులో యూనిట్ టెస్ట్ పేపర్లు ఇస్తూ, అలవాటు కొద్దీ రెండు పేర్లు, రెండు మార్కులు చదివేశాను. ముందు బెంచీ అమ్మాయి ఏమీ అనకుండా గోడ వైపు చూసింది. నా ముఖం వేడెక్కింది. ఆగి, ఆ ఇద్దరికీ క్లాసు ముందే సారీ చెప్పి, మిగతా పేపర్లు తిరగేసి ఒక్కొక్కరి చేతికే ఇచ్చాను. నన్ను అడిగితే, మా ఒప్పందం నిజంగా మొదలైంది ఆ రోజే. అంతకుముందు నవ్వినవాళ్ల మీద నాకు ఫిర్యాదులు వచ్చేవి. తర్వాత "మనం రాసుకున్నాం కదరా" అని వాళ్లలో వాళ్లే అనుకోవడం విన్నాను.

సముద్రపు తేమకి టేపు ఊడి చార్టు రెండుసార్లు కింద పడింది. దసరా సెలవుల తర్వాత మైదా జిగురు కాచి తెచ్చి అంటించింది సంతకం పెట్టని అబ్బాయే. అంటించే ముందు ఐదో వాక్యం మార్చాలని పట్టుబట్టాడు. గ్రూపు పనిలో అందరూ ఒకేసారి మాట్లాడటం తప్పు కాదని వాడి వాదన. ఓటింగ్ పెట్టాం, వాడి మాటే నెగ్గింది. "పాఠం చెప్పేటప్పుడు" అన్న రెండు మాటలు వాక్యం ముందు చేర్చి, ఆ ఖాళీ చోటులో పేరు రాశాడు.