నేపథ్య సంగీతం లేని కత్తియుద్ధం

నాటకశాలలో పై అంతస్తు బాక్సుల అంచు మీద నిలబడి ఇద్దరు కత్తులు దూస్తుంటే, ఈ సాయంత్రం చేతిలోని టీ చల్లారిపోతున్న సంగతి కూడా నాకు తెలియలేదు. చూస్తున్నది 1952లో జార్జ్ సిడ్నీ దర్శకత్వంలో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘స్కారమూష్’.

ఆరు నిమిషాలకు పైగా సాగే ఆ ద్వంద్వయుద్ధం బాక్సుల నుంచి మెట్ల మీదికి, అక్కడి నుంచి ప్రేక్షకుల కుర్చీల మధ్యకు, చివరికి రంగస్థలం మీదికి చేరుతుంది. అంతసేపూ నేపథ్య సంగీతం ఉండదు. కత్తుల రాపిడి, బూట్ల చప్పుడు, చూసేవాళ్ల కేకలు మాత్రమే వినిపిస్తాయి. జానపద చిత్రాల్లో హోరెత్తే వాద్యాల నడుమ కత్తియుద్ధాలు చూస్తూ పెరిగిన నాకు ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయం కలిగించింది. కథానాయకుడు స్టీవర్ట్ గ్రేంజర్ వేషగాడి దుస్తుల్లోనే పోరాడతాడు. తన మిత్రుణ్ణి చంపినవాడు కత్తి మొనకు చిక్కిన క్షణంలో కథానాయకుడి చెయ్యి ముందుకు సాగదు. ఆ తడబాటును గ్రేంజర్ ముఖంలో చూడవలసిందే.

అయితే ఈ చిత్రానికి ఆధారమైన రఫాయెల్ సబాటినీ 1921 నాటి నవలలో ఆ శత్రువు కథానాయకుడికి తండ్రి అని తేలుతుంది. ఈ చిత్రం అతన్ని సోదరుడిగా మార్చింది. కథ తేలికపడింది కానీ, కన్నతండ్రినే ద్వేషిస్తూ బతికానని తెలుసుకోవడంలోని క్రూరత్వం పోయిందని నాకు గట్టిగా అనిపిస్తోంది. 1923లో రెక్స్ ఇంగ్రామ్ తీసిన మూకీలో తండ్రీకొడుకుల బంధాన్ని అలాగే ఉంచారు కాబట్టి, ఇక దాన్ని చూడాలి.