గ్రాఫ్ కాగితం మీద తగాదా

"నీ బొమ్మ నీటుగానే ఉంది నాన్నా. కానీ అది నీ ఆంప్" అని మా అమ్మాయి, ఆంప్‌లో ఏది ఎక్కడ ఉండాలో నేను గీసిన గ్రాఫ్ కాగితాన్ని పక్కకి నెట్టి, తనదొకటి తీసుకుంది.

దానికి సొంతంగా ట్యూబ్ గిటార్ ఆంప్, అంటే గాజు వాక్యూమ్ ట్యూబులతో గిటార్ చప్పుడు పెంచే యాంప్లిఫయర్, చేసుకోవాలని పట్టింది. ఎంచుకున్నది 1950ల నాటి ఫెండర్ కంపెనీ చిన్న ఆంప్ చాంప్, అందులో 5ఎఫ్1 అనే సర్క్యూట్. ఉన్నవి మూడే ట్యూబులు: సిగ్నల్ పెంచడానికి 12ఏఎక్స్7, స్పీకర్‌ని నడపడానికి 6వీ6, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌కి 5వై3. ఓ ఐదు వాట్లు వస్తాయి. మొదటిసారి చేసేవాళ్ళకి మంచి ఎంపికే.

వీణ మానేస్తానన్నప్పుడు నెలల తరబడి మొహం ముడుచుకున్నదీ నేనే, సోల్డరింగ్ ఐరన్ కావాలనగానే ఎగిరి గంతేసిందీ నేనే. ఆదివారం తెలుగు క్లాసు ఎగ్గొడితే ఊరుకోనివాణ్ణి, ఇప్పుడు "ఈ వారానికి పోనీలే, చాసీకి, అదే ఆంప్ రేకు పెట్టెకి, కన్నాలు వేద్దాం" అంటున్నాను. వాళ్ళమ్మ ఏమీ అనదు. ఒక్క చూపు చూస్తుంది, అంతే.

పిల్లలతో ఈ పనికి దిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ఐరన్ వేడెక్కకముందే లేఅవుట్ గీయించండి. ఏది దేనికి కలవాలో సర్క్యూట్ చెబుతుంది, ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పదు. సర్క్యూట్‌లో తప్పు లేకపోయినా, తీగలు ఎలా పడితే అలా పోతే ఆంప్ గుయ్‌మంటుంది, ఒక్కోసారి ఈల వేస్తుంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక చివర, ఇన్‌పుట్ జాక్ రెండో చివర ఉండాలి. మధ్యలో వరసగా 5వై3, 6వీ6, 12ఏఎక్స్7. ట్యూబుల్ని లోపల వేడెక్కించే హీటర్లకి వెళ్ళే 6.3 వోల్టుల ఏసీ తీగలు రెండూ గట్టిగా మెలేసి చాసీ మూలకి నొక్కెయ్యాలి. ట్యూబులోకి సిగ్నల్ తెచ్చే గ్రిడ్ తీగ పొట్టిగా ఉండాలి, ఆ హీటర్ తీగల్ని దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి తప్ప పక్కపక్కనే పోకూడదు.

మా అమ్మాయి గీసిన దాంట్లో ఇవన్నీ ఉన్నాయి. స్పీకర్‌కి వెళ్ళే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆనుకుని ఉంది. పెట్టె చిన్నదిగా రావాలట. నోటితో చెబితే వినదని గరాజ్‌లో ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తెచ్చాను. ఒకదానికి కరెంటిచ్చి, రెండోదాని స్పీకర్ తీగలకి హెడ్‌ఫోన్లు తగిలించి అమ్మాయి చెవులకి పెట్టాను. పక్కపక్కనే పెడితే గుయ్‌మంది. రెండోదాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట దాదాపు ఆగిపోయింది. నేను గెలిచాననే అనుకున్నాను. "ఆ మాత్రం పర్లేదు, తిప్పి పెడతాలే" అంది, చోటు మాత్రం మార్చలేదు.

ఇంకోటి ఇంతకంటే గుచ్చుకుంటోంది. ప్లగ్ పీకేశాక కూడా, డీసీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. అందుకే వాటికి అడ్డంగా, ఆ వోల్టేజిని మెల్లగా ఖాళీ చేసే 220కె (2.2 లక్షల ఓములు) బ్లీడర్ రెసిస్టర్ వెయ్యాలి. వేసినా సరే, మీటర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టిన నేను, ఈ ముక్క మాత్రం దానికి ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట కూడా జారిపోకూడదని. అంటే ఇన్నేళ్ళూ నేను తెలుగులో చెప్పినవాటిలో ఎన్ని జారిపోయాయో! అంత ముఖ్యం కాదనుకున్నవే తెలుగులో చెబుతూ వచ్చానా అని కూడా అనిపిస్తోంది. అడుగుదామంటే ఏ భాషలో అడగాలో తెలీదు.

పిల్లల్ని వాళ్ళ లేఅవుట్ వాళ్ళని గీసుకోనివ్వండి అని రాద్దామనే కూర్చున్నాను. రాసే అర్హత నాకుందో లేదో. ట్రాన్స్‌ఫార్మర్లు ఇంకా కొనలేదు, కొనాల్సిన కార్డు నాదే కదా అన్న ధీమా ఒకటి లోపల ఉంది.