అత్త ఇంటి ముందు మూడు రాత్రులు

క్యాంపర్ వ్యాన్‌లో పూరీ దాకా వెళ్ళాలని పిల్లలు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. మే నెలలో ఒకటి అద్దెకు తీసుకుని హైదరాబాద్‌లో బయల్దేరాం. రెండు పడకలు, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, ఏసీ. విజయవాడ, రాజమండ్రి, విశాఖ దాటి మూడో రోజు సాయంత్రానికి శ్రీకాకుళం చేరాం. అక్కడ మా మేనత్త ఉంది. ఆవిణ్ణి చూసి ముందుకు వెళ్దామనుకున్నాం.

ఆ సందులోకి బండి పట్టించడమే పెద్ద పని అయింది. కిందికి వేలాడుతున్న కేబుల్ టీవీ వైర్లను బావ వెదురుకర్రతో ఎత్తి పట్టుకుని ముందు నడిచాడు. అరుగుల మీదున్నవాళ్ళంతా లేచి నిలబడి చూశారు.

అన్నాలయ్యాక మా పిల్లలు దిండ్లు పట్టుకుని వ్యాన్ ఎక్కబోయారు. అత్త ముఖం మాడిపోయింది. "నా ఇంటి ముందుకొచ్చి బండిలో తొంగుంటారేటిరా? వీధిలోవోళ్ళు నన్నేటనుకుంటారు?" అంది. నేనేం మాట్లాడలేకపోయాను. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆ ఇంటి మేడ మీద వరసగా పరుపులేసుకుని గడిపినవాణ్ణి. ఆ రాత్రి అందరం ఇంట్లోనే పడుకున్నాం.

సముద్రం దగ్గర ఊరు కదా, ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. ఒంటి మీద చెమట ఆరదు. పొద్దున్నే అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకుని వచ్చేసరికి వ్యాన్ రేకు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది. బండి ఆగి ఉన్నప్పుడు దాని ఏసీకి ఇంటి కరెంటు కావాలి. మోటారు ప్లగ్గు నుంచి వైరు లాగాం. వంటింట్లో అక్క మిక్సీ వేసిందంటే ఎంసీబీ పడిపోయేది. దాంతో "మిక్సీ వేస్తన్నానర్రా" అని కేకేశాకే స్విచ్ వేసేది. ట్యాంకులోకి నీళ్ళు పైపుతో బావే నింపాడు. రెండో రాత్రి అత్త కొంచెం మెత్తబడి, పిల్లల్ని నాతోపాటు వ్యాన్‌లో పడుకోనిచ్చింది.

ఆ సాయంత్రం తాటిముంజెలు ఒలుస్తూ అక్క ఒక మాట చెప్పింది. మామయ్య అస్థికలు శ్రీకూర్మంలో శ్వేతపుష్కరిణిలో కలిపారు. నాలుగేళ్ళయింది. ఊరికి 15 కిలోమీటర్ల లోపే. కానీ తుంటి ఆపరేషన్ తర్వాత అత్త ఎక్కువసేపు కూర్చోలేదు, ఆటో కుదుపులు అసలే తట్టుకోలేదు. ఆ నీళ్ళు చూడాలని ఎన్నిసార్లో అందట. మరొకరికి ఇబ్బందని మళ్ళీ తనే వద్దనేదట.

మర్నాడు తెల్లారకుండానే వ్యాన్ తలుపు దగ్గర రెండు పీటలు మెట్లలా వేశాం. బావ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని ఎక్కించాం. పడక మీద పక్కకి తిరిగి పడుకుని, కిటికీ కర్టెన్ తియ్యమంది. దారి పొడుగునా కొబ్బరిచెట్లనూ గుడిసెలనూ చూస్తూనే ఉంది. నేను 20 దాటకుండా నడిపాను.

శ్రీకూర్మంలో స్వామిది తాబేలు రూపం. మూలవిరాట్టు పడమర వైపు చూస్తుంటాడు. అందుకే తూర్పున ఒకటి, పడమరన ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలు ఇంకా కనిపిస్తాయి, స్తంభాల మీద శాసనాలున్నాయి. అవన్నీ తీరిగ్గా చూడాల్సినవి. పిల్లలు మాత్రం గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్ళను వదిలి రాలేదు. ఆకు అందిస్తే మెడ చాచి, నెమ్మదిగా, అంచు నుంచి కొరుక్కుంటూ వస్తాయి. పెంకు మీద పసుపు గీతలు ముగ్గు పెట్టినట్టుంటాయి.

పుష్కరిణి దగ్గర అత్త చివరిమెట్టు దాకా దిగలేకపోయింది. బావ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆవిడ చేతుల్లో పోశాడు. ఆ నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా అలాగే పట్టుకుంది. తర్వాత తడిచేతులు కళ్ళకద్దుకుని, కొంగుతో తుడుచుకోకుండానే వెనక్కి తిరిగింది. ఏమీ మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

ఆ రాత్రి మేం ఇంట్లోకి వెళ్తుంటే, "నేను బండిలో తొంగుంటాను, గుంటని నా దగ్గరుంచండి" అంది. సరేనని మేం లోపల పడుకున్నాం. అర్ధరాత్రి కరెంటు పోయింది. పాపకి ఉక్కపోస్తుందేమోనని పరుగెత్తుకెళ్ళి వ్యాన్ తలుపు తీశాను. పాప గాఢనిద్రలో ఉంది. పక్కన అత్త తాటాకు విసనకర్రతో విసురుతోంది.