అసెంబ్లీ కాదు, టౌన్‌హాల్

హైదరాబాద్ నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న ఆ తెల్లటి గుమ్మటాల పాత అసెంబ్లీ భవనాన్ని చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మొన్న మా అమ్మాయిని తోటకు తీసుకెళ్తే, "అమ్మా, ఇది రాజుగారి కోటా?" అని అడిగింది. "కాదు నాన్నా, ఇది మనలాంటి వాళ్ళు కట్టించుకున్నది" అన్నాను. అలా అంటున్నప్పుడు నాకే గొంతు పట్టేసింది.

నిజంగానే అది ఊరివాళ్ళ టౌన్‌హాల్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 40వ పుట్టినరోజు గుర్తుగా నగర ప్రజలు డబ్బులు పోగు చేసుకున్నారు. 1905లో పని మొదలైంది. మధ్యలో 1908 మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచేసింది. వేలమంది పోయారు. అంత కష్టం చూసిన ఊరు మళ్ళీ నిలబడి 1913లో దీన్ని పూర్తి చేసిందంటే నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. ఎవరి పేరున కట్టారో ఆ నిజాం మాత్రం 1911లోనే కన్నుమూశారు, పూర్తయిన హాలు చూడలేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనసభ ఈ హాల్లోనే కూర్చుంది. పక్కన కొత్త భవనం కట్టేదాకా చట్టాలన్నీ ఇక్కడే. మా నాన్నగారు రేడియోలో అసెంబ్లీ వార్తలు వింటున్నప్పుడు ఆ మాటలు పలికిన చోటు ఇదే!

ఇప్పుడు చుట్టూ గేట్లు, పోలీసు కాపలా. భద్రత అవసరమే, కాదనను. కానీ ఏడాదికి ఒక్క రోజైనా పిల్లల్ని లోపలికి రానిస్తే బాగుండును. మా అమ్మాయి కంచె పట్టుకుని చాలాసేపు చూసింది. "మనం కట్టిందే కదా, మరి లోపలికెందుకు వెళ్ళకూడదు?" అంది.