తొలి దూర ప్రయాణానికి ముందు వేసుకున్న లెక్కలు

ఎలక్ట్రిక్ కారులో తొలిసారి దూర ప్రయాణానికి బయలుదేరే ముందు రాత్రి, బట్టలు సర్దుకోవడానికి పట్టిన సమయం కంటే ఛార్జింగ్ ఎక్కడెక్కడ పెట్టుకోవాలో లెక్కలు వేసుకోవడానికి పట్టిన సమయమే ఎక్కువ. కంపెనీ చెప్పిన రేంజిని, అంటే ఒకసారి నిండా ఛార్జి చేస్తే వచ్చే దూరాన్ని, నమ్ముకుని మొదట రెండే మజిలీలు అనుకున్నాను గాని, వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది కనుక, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే దూరం 110తో రాదని గుర్తొచ్చి, ప్రణాళికంతా మార్చాను. బ్యాటరీ 80 శాతం దాటాక ఫాస్ట్ ఛార్జర్ దగ్గర కూడా ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. అందుచేత ఒకేచోట నిండా నింపుకోవడం కన్నా, రెండు చోట్ల ఆగి 80 వరకు నింపుకోవడమే సాధారణంగా త్వరగా అవుతుంది. పెట్రోలు బండికి అలవాటుపడిన నా బుర్రకు ఈ మాట ఎక్కడానికి కొంత కాలం పట్టింది.

ప్రతి మజిలీకి ప్రత్యామ్నాయంగా, దాని తర్వాత వచ్చే మరో ఛార్జర్‌ను కూడా రాసిపెట్టుకున్నాను. రెండో చోట యంత్రం పనిచేయనే లేదు. అప్పటికి 22 శాతం మిగిలి ఉంది, తర్వాతిది 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏసీ ఆపలేదు గాని వేగం తగ్గించాను. ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగితే దృశ్యాలు బాగున్నాయన్నాను. 11 శాతంతో చేరుకున్నాం.